శనివారం నేర్చుకున్నది ఆదివారం వాయించకండి

మన సంఘాల్లో కీబోర్డ్ వాయించేవాళ్లు ఎక్కువగా రెండు చోట్ల ఆగిపోతుంటారు. కొందరు సేవలోనే మునిగిపోతారు. ఆదివారం ఆరాధన, శుక్రవారం ఉపవాస ప్రార్థన, శనివారం యవనస్తుల కూడిక, మధ్యలో ఎవరింట్లోనో కృతజ్ఞతా కూటం, ఒక పెళ్లి, ఒక భూస్థాపన. పిలిచిన ప్రతిచోటికీ వెళతారు. పదేళ్లు గడిచాక చూస్తే చేతిలో అవే నాలుగు కార్డులు, అదే రిథమ్, అదే ట్రాన్స్‌పోజ్ బటన్. ఇంకొందరు నేర్చుకోవడంలో మునిగిపోతారు. రోజుకో కొత్త వీడియో, వారానికో కొత్త కార్డు, దాన్ని వెంటనే ఆరాధనలో వాయించెయ్యాలన్న తొందర. వాళ్ల వేళ్లు పరుగెడుతుంటాయి. వెనక వరసలో కూర్చున్న పెద్దమ్మ మాత్రం చరణం ఎక్కడ ఎత్తుకోవాలో తెలియక పాటల పుస్తకం మూసేస్తుంది.

మొదటివాళ్లను "నమ్మకమైన సేవకుడు" అని మెచ్చుకుంటాం. రెండోవాళ్ల గురించి "తలాంతు ఉంది గానీ..." అని ఆగిపోతాం. ఇద్దరిలోనూ లోటు ఒకటే. సాధనకూ సేవకూ మధ్య దారి వేసుకోలేదు. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది కూడా ఒక్కటే. ఏం నేర్చుకోవాలో ఆదివారాన్ని అడగండి. నేర్చుకునే పని మాత్రం ఆదివారం పెట్టుకోకండి.

సాధనకు కూర్చుంటే సేవకు ఇవ్వాల్సిన సమయాన్ని దొంగిలిస్తున్నామేమోనని లోలోపల బాధపడే పిల్లలు చాలామంది ఉన్నారు. మనసు మంచిదైతే చాలు, వాయించడం ఎలా ఉన్నా దేవుడు పట్టించుకోడు అనే మాట పెద్దల నోట విని ఉంటారు. మొదటి దినవృత్తాంతముల గ్రంథం 15వ అధ్యాయం తీసి కెనన్యా గురించి చదవండి. లేవీయుల్లో పాటకు అతన్ని పెద్దగా పెట్టడానికి అక్కడ చెప్పిన కారణం అతనికి ఆ పనిలో ప్రవీణత ఉండటమే. 25వ అధ్యాయంలో ఆసాపు, హేమాను, యెదూతూను కుటుంబాల నుంచి 24 వంతులుగా ఏర్పరచిన 288 మంది పాటలో తర్ఫీదు పొందినవాళ్లు. సౌలు కొలువుకు సితారా వాయించేవాణ్ణి వెతికినప్పుడు కూడా అంతే. పిలుపు అందేనాటికే దావీదు చక్కగా వాయిస్తాడని పేరుంది. కాబట్టి ఇంట్లో తలుపు వేసుకుని స్కేళ్లు వాయించే అరగంట కూడా సేవలో భాగమే. ఆ విషయంలో మనసులో ఏ అనుమానమూ పెట్టుకోకండి.

బాఖ్‌కు వచ్చిన ఫిర్యాదు

సాధనకూ సేవకూ మధ్య గొడవ కొత్తది కాదు. జర్మనీలో ఆర్న్‌స్టాట్ అనే ఊళ్లో 1703 నుంచి జొహాన్ సెబాస్టియన్ బాఖ్ చర్చి ఆర్గాన్ వాయించేవాడు. 1705లో, ఇరవై ఏళ్ల వయసులో, నాలుగు వారాల సెలవు అడిగి దాదాపు 400 కిలోమీటర్లు నడిచి లూబెక్ వెళ్లాడు. అక్కడి సెయింట్ మేరీస్ చర్చిలో డీట్రిచ్ బుక్స్‌టెహూడే అనే పెద్ద విద్వాంసుడు ఆర్గాన్ వాయిస్తాడు. ఆయన్ని విని నేర్చుకోవాలని ఆశ. నాలుగు వారాలనుకున్నది సుమారు నాలుగు నెలలైంది. తిరిగొచ్చాక 1706 ఫిబ్రవరిలో చర్చి పెద్దలు పిలిచి సంజాయిషీ అడిగారు.

ఆలస్యం సంగతి అందరూ చెబుతారు. మనకు పనికొచ్చేది ఆ రోజు వచ్చిన ఇంకో ఫిర్యాదు. సంఘం పాడే కీర్తనల్లో వింత స్వరాలు కలుపుతున్నావు, విచిత్రమైన మార్పులు చేస్తున్నావు, జనం తికమక పడుతున్నారు అన్నారు. పాటకు ముందు మరీ ఎక్కువసేపు వాయిస్తున్నాడని అంతకుముందు ఎవరో చెబితే, కోపగించి మరీ తక్కువ వాయించడం మొదలుపెట్టాడని కూడా అన్నారు. ఇరవై ఏళ్ల కుర్రాడి పౌరుషం మూడు వందల ఏళ్ల తర్వాత చదివినా మన పక్కింటి అబ్బాయిదే అనిపిస్తుంది.

ఆ ప్రయాణాన్ని నేను తప్పు పట్టను. సేవలో ఉన్నవాడు కొంతకాలం పక్కకు వెళ్లి తనకంటే పెద్దవాడి దగ్గర కూర్చోవాలి. వెళ్లేముందు తన స్థానంలో వాయించడానికి ఒక మనిషిని పెట్టి మరీ వెళ్లాడు, అది ఇంకా మంచి పని. సెలవు దాటి ఉండిపోవడం వేరే సంగతి. పొరపాటు ఎక్కడ జరిగిందంటే, కొత్తగా విన్నదీ నేర్చుకున్నదీ అరగక ముందే ఆర్న్‌స్టాట్ విశ్వాసులు పాడే చరణాల మధ్యకు తెచ్చేశాడు. అదే బాఖ్ 1723లో లైప్‌జిగ్ చేరి, చనిపోయే దాకా 27 ఏళ్లు అక్కడి చర్చిల్లో సంగీతం నడిపించాడు. మొదటి ఏళ్లలో దాదాపు ప్రతి ఆదివారానికీ కొత్త రచన సిద్ధం చేసేవాడు. వాటిలో చాలావాటికి ఆధారం జనం చిన్నప్పటి నుంచి పాడుకుంటున్న కీర్తనల వరసలే. వరస జనానిది, దాని చుట్టూ అల్లిక బాఖ్‌ది.

అందుకే మీకు ఒక గట్టి నియమం చెబుతాను. కొత్తగా నేర్చుకున్న ఏ కార్డైనా, ఏ బిట్ అయినా కనీసం నాలుగు వారాలు ఇంట్లోనే ఉండాలి. తర్వాత కాయిర్ ప్రాక్టీస్‌లో వాయించండి. పాడేవాళ్లు తడబడకపోతే పాట మొదట్లోనో, రెండు చరణాల మధ్య వచ్చే బిట్‌లోనో పెట్టండి. జనం పాడుతున్న లైన్ల కింద పెట్టడం అన్నిటికంటే చివర.

ఆదివారం నేర్పే పాఠాలు

ఇక ఆదివారం మనల్ని ఏం నేర్చుకోమంటుందో చూద్దాం. మొదటిది శృతి పట్టడం. సంగీతం క్లాసులో స్కేల్ ఏమిటో కాగితం మీద రాసి ఉంటుంది. సంఘంలో సాక్ష్యం చెప్పడానికి లేచిన అమ్మ మైకు పట్టుకుని ఉన్నట్టుండి ఒక పల్లవి ఎత్తుకుంటుంది. సీ షార్ప్‌కీ డీకీ మధ్య ఎక్కడో మొదలుపెట్టి రెండో లైనుకు గాని స్థిరపడదు. గిటార్ తమ్ముడు "అన్నా, ఏ స్కేల్?" అంటూ మీ వైపు చూస్తాడు. అప్పుడు కంగారుగా కీలన్నీ తడిమితే ఆ తడుముడంతా స్పీకర్లలో వినిపిస్తుంది.

మొదటి లైను వాయించకండి, వినండి. లైను చివర ఆమె గొంతు ఏ స్వరం మీద విశ్రాంతిగా ఆగుతుందో అది చాలావరకు సా. దాన్ని లోలోపల పలికి, వాల్యూమ్ బాగా తగ్గించి, ఎడమ చేత్తో ఆ ఒక్క స్వరం నొక్కండి. కుదిరితే పా కలపండి. తర్వాత గాంధారం వినండి. మేజరో మైనరో అదే చెబుతుంది. కార్డు ఆ తర్వాతే. ఇదంతా ఒక లైనులో అయిపోవాలి. దీనికి ఇంట్లో సాధన ఎలాగంటే, వాద్యాలు లేకుండా పాడిన పాటలు ఫోన్‌లో పెట్టుకోండి. గృహ కూడికల్లో పెద్దవాళ్లు పాడేటప్పుడు వాళ్లను అడిగి రికార్డు చేసుకున్నవైతే ఇంకా మంచిది. రోజుకు పది నిమిషాలు ఒక్కో పాటకు సా ఎక్కడుందో పట్టడమే పని. ఖరీదైన కోర్సులేవీ దీన్ని ఇంత బాగా నేర్పలేవని నా నమ్మకం.

ట్రాన్స్‌పోజ్ బటన్‌ను మహాపాపంలా చూసే గురువులున్నారు. నేను అంత దూరం వెళ్లను. పాట మొదలైపోయింది, శృతి ఎఫ్ షార్ప్, మీ చేతికి అలవాటు లేదు. బటన్ నొక్కండి, పాట ఆగకూడదు. అయితే సీ స్కేల్ ఒక్కటే వచ్చినవాడికి రెండు ప్రమాదాలు పొంచి ఉంటాయి. కిందటి పాటకు మార్చిన ట్రాన్స్‌పోజ్‌ను సున్నాకు తేవడం మరిచిపోతాడు. పాడేవాళ్లు చివరి చరణానికి అర స్వరం పైకి వెళితే కింద మిగిలిపోతాడు. కాబట్టి మీ సంఘం తరచుగా పాడే పాట నెలకొకటి తీసుకుని దాన్ని సీలో, డీలో, ఎఫ్‌లో, జీలో బటన్ లేకుండా వాయించడం నేర్చుకోండి. పన్నెండు స్కేళ్లూ ఒకేసారి అక్కర్లేదు. హార్మోనియం మీద పెరిగిన పెద్దల లెక్క కూడా తెలుసుకోండి. వాళ్లకు సీ అంటే ఒకటి, సీ షార్ప్ ఒకటిన్నర, ఎఫ్ నాలుగు, ఎఫ్ షార్ప్ నాలుగున్నర, జీ ఐదు. కాయిర్ మాస్టారు "నాలుగున్నరలో ఇవ్వు బాబూ" అంటే వెంటనే చెయ్యి అక్కడికి వెళ్లాలి.

ఏ శృతిలో పాడాలో చెప్పే బాధ్యత కూడా చాలాసార్లు మీదే. స్టూడియోలో పాడిన పాటలు ఆరితేరిన గాయకుల గొంతుకు తగ్గట్టు ఎత్తులో ఉంటాయి. అదే ఎత్తులో సంఘం చేత పాడిస్తే అనుపల్లవి దగ్గర సగం మంది నోరు మూసుకుంటారు. పాటలోని అతి పై స్వరం, ఆడవాళ్ల గొంతులో, మధ్య సీకి పైనున్న సీ, మహా అయితే డీ దాటకుండా చూడండి. మగవాళ్లు ఒక స్థాయి కింద ఎలాగూ పాడుకుంటారు. ఉదయం మొదటి ఆరాధన అయితే ఇంకో స్వరం తగ్గించినా నష్టం లేదు. రికార్డులో ఉన్న స్కేలే కావాలని పట్టుబట్టే పాటగాడికి ఈ సంగతి ప్రాక్టీస్ రోజునే మెల్లగా చెప్పండి, స్టేజీ మీద కాదు.

కీర్తనల దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. మన కీబోర్డ్ ప్లేయర్లు ఎక్కువగా నిర్లక్ష్యం చేసేది వాటినే. పురుషోత్తం చౌదరి (1803–1890) వంటి కవులు తెలుగు కీర్తన పద్ధతిలో రాశారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం పేర్లు అచ్చువేసి ఉంటాయి. ఆ రెండు మాటలను దాటేసి నేరుగా నాలుగు కార్డులు వేసెయ్యడం మనకు అలవాటైపోయింది. మాయామాళవగౌళ తీసుకోండి. కర్ణాటక సంగీతంలో సరళి స్వరాలు మొదలయ్యే రాగమే. సీని షడ్జమం చేసుకుంటే దాని స్వరాలు సీ, సీ షార్ప్, ఈ, ఎఫ్, జీ, జీ షార్ప్, బీ. ఇప్పుడు అలవాటు కొద్దీ జీ మేజర్ నొక్కారనుకోండి. అందులో ఉన్న డీ ఈ రాగంలో లేదు. పాడే పెద్దాయన సీ షార్ప్ పలుకుతుంటాడు, మీ కార్డు డీ పలుకుతుంటుంది. "కీబోర్డ్ వచ్చాక పాత పాటలు పాడలేకపోతున్నాం" అని పెద్దవాళ్లు అనడానికి కారణాల్లో ఇదొకటి. ఆ మాటను ఛాదస్తం అని కొట్టెయ్యకండి. అలాంటి చోట సా, పా రెండే పట్టి ఉంచండి. సీ మేజర్, ఎఫ్ మైనర్ ఆ రాగంలో ఇముడుతాయి. వాటిని కూడా పొదుపుగా వాడండి. కుడి చెయ్యి గొంతు వెంట నడిస్తే చాలు.

తాళం సంగతీ ఇంతే. చాపు అని రాసిన పాటలకు ఏడు లెక్క, మూడూ నాలుగుగా నడుస్తుంది. దాన్ని కీబోర్డ్‌లోని నాలుగు లెక్కల రిథమ్‌లో ఇరికిస్తే మాటలు విరుగుతాయి. మన దేశం కోసం యమహా తయారుచేసిన పీఎస్ఆర్-ఐ రకాల్లో భారతీయ స్టైల్స్ ఉన్నా సరే, పాట నడక తెలియనివాడికి అవి అక్కరకు రావు. ఆ పాటలకు రిథమ్ ఆపేసి, డోలక్ వాయించే అన్నను చూస్తూ నడవండి. మీ సంఘంలో కీర్తనలు కంఠతా వచ్చిన పెద్దవాళ్లు ఉంటే నెలకొకసారి వాళ్లింటికి వెళ్లి ఒక్క కీర్తన నేర్చుకోండి. లూబెక్ దాకా నడవక్కర్లేదు, మన బుక్స్‌టెహూడేలు పక్క వీధిలోనే ఉన్నారు.

ప్రార్థన సమయంలో వాయించడం మరో విద్య. దీన్ని ఎవరూ నేర్పరు. అందరూ చేస్తారు. పాస్టర్ గారు ప్రార్థన మొదలుపెట్టగానే ప్యాడ్ టోన్ వేసి, కుడి చేత్తో తెలిసిన పాట వరస వాయించడం చాలా చోట్ల వింటున్నాం. వరస తెలిసినదైతే వినేవాళ్ల మనసు ప్రార్థన వదిలి పాట మాటల వెంట పోతుంది. కాబట్టి వరస వద్దు. ఒకటి రెండు కార్డులు, నెమ్మదిగా, చెప్పే మాటల కంటే బాగా తక్కువ వాల్యూమ్‌లో. వాక్యం చదువుతున్నప్పుడు అది కూడా వద్దు. గుడ్ ఫ్రైడే నాడు ఏడు మాటల ఆరాధన మూడు గంటలు సాగుతుంది. ఆ మూడు గంటల్లో ఎక్కడ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలో తెలిసినవాడిని నేను మంచి వాద్యకారుడంటాను. ఇంట్లో దీనికీ సాధన ఉంది. రికార్డయిన ప్రసంగం చివరి పది నిమిషాలు పెట్టుకుని, దాని కింద వాయించి, ఫోన్‌లో రికార్డు చేసి వినండి. మాట ఒక్కటైనా వినపడకుండా పోయిందంటే వాల్యూమ్ తగ్గించాలి.

వారం ఎలా గడవాలి

రోజుకు అరగంట దొరికితే చాలు. శనివారం రాత్రి మూడు గంటలు కూర్చోవడం కంటే అది మేలు. అందులో పది నిమిషాలు చేతులకు: స్కేళ్లు, కార్డుల మలుపులు, మెట్రోనోమ్‌తో. పది నిమిషాలు రాబోయే ఆదివారం పాటలకు. మిగిలిన పది నిమిషాలు ఆదివారంతో ఏ సంబంధమూ లేనిదానికి. ఈ చివరి పదీ మొదట కోతపడతాయి, వాటినే గట్టిగా కాపాడుకోండి. అక్కడ బాఖ్ చిన్న రచన నేర్చుకోవచ్చు, ఒక వర్ణం నేర్చుకోవచ్చు, నొటేషన్ చదవడం నేర్చుకోవచ్చు. అది ఈ వారం ఎవరికీ ఉపయోగపడదు. రెండేళ్ల తర్వాత మీ చేతిలో నాలుగు కార్డుల కంటే ఎక్కువ ఉండటానికి కారణం అదే అవుతుంది.

పాటల లిస్టు గురువారానికి చేతికి రావాలని వర్షిప్ లీడర్‌ను అడగండి. గట్టిగా అడగండి, ప్రేమగా అడగండి. శనివారం రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో వచ్చే కొత్త పాట మీ సాధన మొత్తాన్ని మింగేస్తుంది. అలా వచ్చినప్పుడు "ఈ పాట వచ్చే ఆదివారం బాగా చేద్దాం అన్నా, రేపటికి తెలిసినదే పాడదాం" అనడం బద్ధకం కాదు. ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. పాట పేరు, మన సంఘం పాడే శృతి, టెంపో, స్టైల్ నంబరు, టోన్ నంబరు. ఆదివారం ఆరాధన రికార్డు చేసి సోమవారం ఒక్కసారి వినండి. ఎక్కడ జనం గొంతు తగ్గిందో అక్కడ గుర్తు పెట్టండి. వచ్చే వారం సాధనలో ఏం ఉండాలో ఆ గుర్తులే చెబుతాయి.

గ్రేడ్ పరీక్షల గురించి చాలామంది అడుగుతుంటారు. ట్రినిటీ కాలేజ్ లండన్ వంటి సంస్థల పరీక్షలు ఒకటి నుంచి ఎనిమిది గ్రేడ్ల దాకా ఉంటాయి. రాయండి. వేళ్ల క్రమం, నొటేషన్, చెవి పరీక్ష, అన్నీ ఒక పద్ధతిలో వస్తాయి. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోండి. క్రిస్మస్ ముందు పరీక్ష పెట్టుకోకండి. క్యారల్ రౌండ్లు, సండే స్కూల్ కార్యక్రమం, క్రిస్మస్ ఆరాధన, 31 రాత్రి వాచ్ నైట్, ఇన్నిటి మధ్య పరీక్ష పాఠం నలిగిపోతుంది. శ్రమల దినాల నుంచి ఈస్టర్ దాకా కూడా అంతే. ఏడాదిలో ఖాళీ నెలలు చూసుకుని ముందే పాస్టర్ గారికి చెప్పండి. గ్రేడ్ వచ్చినంత మాత్రాన సంఘంలో వాయించడం వచ్చినట్టు కాదు. శృతి చెప్పకుండా పాడే అమ్మ ఆ సిలబస్‌లో లేదు.

పరికరం గురించి ఒక్క మాట. కొత్త కీబోర్డ్ కొంటే చెయ్యి మారదు. టచ్ ఉన్న 61 కీల కీబోర్డ్, ఒక సస్టెయిన్ పెడల్, అదనంగా ఒక అడాప్టర్, ఇంట్లో రాత్రిపూట సాధనకు హెడ్‌ఫోన్స్ ఉంటే చాలా ఏళ్లు గడుస్తాయి. మిగిలిన డబ్బు గురువుకు ఇవ్వండి.

అన్ని కూడికలకూ మీరొక్కరే వెళుతుంటే పైన చెప్పినవేవీ జరగవు. వారంలో ఆదివారం కాక ఇంకొక్క కూడిక ఒప్పుకోండి. మూడోదానికి వద్దనండి. వద్దంటే సేవ ఆగిపోతుందని భయపడే పరిస్థితి సంఘంలో ఉందంటే, రెండో మనిషిని తయారు చేసుకోలేదన్నమాట. దినవృత్తాంతముల ఆ 25వ అధ్యాయంలోనే చిన్నా పెద్దా, గురువూ శిష్యుడూ తేడా లేకుండా వంతుల కోసం చీట్లు వేశారని ఉంది. నేర్చుకుంటున్నవాడికీ అక్కడ వంతు ఉంది. మన చర్చిల్లో మాత్రం కీబోర్డ్ మీద గుడ్డ కప్పి, "ముట్టుకోవద్దు" అని పిల్లల్ని తరుముతాం.

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక మీ వెనక నిలబడి వేళ్లు చూసే పిల్లవాణ్ణో పిల్లనో పిలవండి. ఒక పాట, మూడు కార్డులు నేర్పండి. మూడు నెలల్లో శుక్రవారం కూడికలో ఆ ఒక్క పాట వాళ్లచేత వాయింపజేయండి, మీరు పక్కన కూర్చోండి. ఆ సంగతి పాస్టర్ గారితో ఈ వారమే మాట్లాడండి.